ఓడ సెట్ (తెలుగు సినిమా)

పూర్వకాలపు తెరచాప ఓడను చిత్రీకరణ కోసం పూర్తిగా గానీ, కెమెరాకు కనబడే మేరకు గానీ తిరిగి నిర్మించిన కట్టడాన్ని ఓడ సెట్ అంటారు. ఇది సముద్రయానం చేయగల ప్రతిరూప నౌకకు భిన్నమైనది. ప్రతిరూప నౌకకు ఓడ పొడవునా సాగే అడుగు దూలం, నీరు చొరని ఓడ దేహం, గాలిని తట్టుకొనే తెరచాప స్తంభాలు తప్పనిసరి కాగా, సెట్‌కు డెక్, పక్కగోడలు, తెరచాపలు చాలు.

రెండు పద్ధతులూ కలిసిన ప్రసిద్ధ ఉదాహరణ బ్రిటిష్ యుద్ధనౌక 'రోజ్'. 1757లో నిర్మితమైన ఈ నౌకకు 1970లో కెనడాలోని లూనెన్‌బర్గ్‌లో ప్రతిరూపం కట్టగా, దానిని 2003 నాటి 'మాస్టర్ అండ్ కమాండర్' చిత్రం కోసం ఆ కథలోని ఓడ 'సర్‌ప్రైజ్'గా మార్చారు. అదే చిత్రానికి మెక్సికోలోని భారీ నీటితొట్టెలో, అలల ఊపును కల్పించే గింబల్ అనే యంత్రవేదికపై మరో నమూనాను నిలిపారు.

తెలుగు చిత్రపరిశ్రమలో ఈ కోవకు దగ్గరగా నిలిచేది 2017 ఏప్రిల్ 28న విడుదలైన ఎస్.ఎస్. రాజమౌళి చిత్రం 'బాహుబలి 2'లోని హంసనావ. సాబు సిరిల్ కళాదర్శకత్వం వహించిన ఈ చిత్రంలో, కథలోని కుంతల రాజ్యం నుంచి మాహిష్మతి రాజ్యానికి సాగే ప్రయాణ గీతంలో కనిపించే ఆ ఓడ చారిత్రక నౌకకు నకలు కాదు, హంస ఆకృతిలో రూపొందిన కల్పన. పాటలో అది మేఘాల్లో సాగే దృశ్యం గ్రాఫిక్స్‌తో సాధ్యమైంది.