నివాస వాహనాలలో కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం

నివాస వాహనం లేదా కారవాన్ అనగా పడక, వంటసౌకర్యం, ఏసీ వంటి వసతులు కలిగి, ప్రయాణంలోనే నివసించడానికి అనువుగా నిర్మించిన మోటారు వాహనం. ఇటువంటి వాహనాలలో ఇంజను, జనరేటరు, గ్యాసుపొయ్యి, బొగ్గుల కుంపటి మొదలైన వాటి నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువు లోపల పేరుకొని నిద్రలో ఉన్నవారి ప్రాణాలు తీసే ప్రమాదం ఉన్నది. ఈ వాయువుకు రంగు, వాసన, రుచి లేవు. కంటికి గాని, ముక్కుకు గాని తెలియదు కాబట్టి దీనిని కనిపెట్టడానికి ప్రత్యేకమైన డిటెక్టర్లు అవసరమయ్యాయి.

తెలుగు ప్రజలకు బాగా పరిచయమైన తొలి నివాస వాహనం చైతన్య రథమని చెప్పవచ్చు. తెలుగుదేశం పార్టీ స్థాపించిన తరువాత నందమూరి తారక రామారావు 1982-83లో పాత షెవర్లే వ్యానును మార్పించి, అందులో రాష్ట్రమంతటా పర్యటించాడు. ప్రస్తుతం హైదరాబాదు చలనచిత్ర పరిశ్రమలో నటీనటుల కొరకు వాడే కారవాన్లు అందరికీ తెలిసినవే. దక్షిణ తెలంగాణలోని పూర్వపు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో కారవాన్లు అరుదు. కాని వాహనంలోనే రాత్రి గడిపేవారు ఇక్కడ తక్కువేమీ కాదు. హైదరాబాదు-విజయవాడ మార్గమైన 65వ జాతీయ రహదారి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగాను, 44వ జాతీయ రహదారి షాద్‌నగర్, జడ్చర్ల, పెబ్బేరుల మీదుగాను పోతున్నవి. ఈ రెండు దారుల పక్కన ధాబాల వద్ద లారీలు ఆపుకొని క్యాబిన్లలోనే నిద్రించే డ్రైవర్లు, క్లీనర్లు ప్రతి రాత్రి కనిపిస్తారు. చెరువుగట్టు, దురాజ్‌పల్లి పెద్దగట్టు, కురుమూర్తి జాతరలకు ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకొని పోయిన కుటుంబాలు నేడు ట్రాక్టర్లు, డీసీఎం వ్యాన్లు మాట్లాడుకొని పోతున్నవి. కనుక ఈ వ్యాసంలోని విషయం కారవాన్లకే గాక ఇటువంటి వాహనాలన్నింటికీ వర్తిస్తుంది.

వాయువు పుట్టుక

కర్బనం గల ఇంధనం ఏదైనా తగినంత ఆక్సిజన్ అందక అసంపూర్ణంగా మండినపుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీని అణువులో ఒక కర్బన పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. గాలికంటె స్వల్పంగా తేలిక. అందువలన నేలకు దిగిపోక, పైకప్పుకు చేరిపోక గదిలోని గాలి అంతటితోను కలిసిపోతుంది.

బొగ్గుల కుంపటి దీనికి మంచి ఉదాహరణ. అడుగున గాలి తగిలే చోట బొగ్గు మండి కార్బన్ డయాక్సైడ్ ఏర్పడుతుంది. ఆ వాయువు ఎర్రగా కాలుతున్న పై బొగ్గుల గుండా పోవునపుడు మరికొంత కర్బనంతో కలిసి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. కుంపటి మీద చిన్నగా ఆడే నీలిమంట ఈ వాయువు మండుతున్న మంటయే. ఆ నీలిమంట లేనపుడు వాయువు మండక గదిలోకి వచ్చి చేరుతుంది. పచ్చికట్టెల పొగకు కళ్ళు మండి మనిషి బయటకు పోతాడు. బాగా రాజుకున్న బొగ్గులకు పొగ ఉండదు, కనుక కుంపటిని నిర్భయంగా లోపలికి తెచ్చి తలుపులు మూస్తారు. బాలింత గదిలో నిప్పులు పెట్టి, చలిగాలి తగలకుండా తలుపులు, కిటికీలు బిగించే అలవాటు పల్లెలలో నేటికీ కొన్నిచోట్ల ఉన్నది. పొగ లేకపోవడమే క్షేమమని భావించడం ఈ ప్రమాదాలన్నిటికీ మూలం.

శరీరంపై ప్రభావం

రక్తంలోని హిమోగ్లోబిన్ ఊపిరితిత్తుల నుండి ఆక్సిజన్‌ను మోసుకొనిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఈ హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటె 200 నుండి 250 రెట్లు గట్టిగా బంధం ఏర్పరచుకుంటుంది. ఇట్లు ఏర్పడిన పదార్థాన్ని కార్బాక్సీ హిమోగ్లోబిన్ అంటారు. దీని మూలాన గాలిలో ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్నప్పటికీ మెదడుకు, గుండెకు అది అందదు. మిగిలిన హిమోగ్లోబిన్ సైతం తాను మోసిన ఆక్సిజన్‌ను కణజాలానికి తేలికగా విడువదు.

గాలిలో ఈ వాయువు పరిమాణాన్ని పీపీఎంలలో, అనగా పది లక్షల భాగాలలో ఎన్ని భాగాలు అన్న లెక్కలో చెబుతారు. 200 పీపీఎం ఉన్న గాలిని రెండు మూడు గంటలు పీల్చితే తలనొప్పి వస్తుంది. 800 పీపీఎం ఉన్నచో ముప్పావు గంటలోనే తలతిరుగుడు, వాంతి కలిగి, రెండు మూడు గంటలలో ప్రాణం పోవచ్చు. 1600 పీపీఎంలో గంట చాలు. 6400 పీపీఎంలో పది పదిహేను నిముషాలు. 1600 పీపీఎం అంటే గాలిలో వెయ్యింట రెండు పాళ్ళయినా కాదు.

దిగుడుబావులలో ఆయిల్ ఇంజన్లు

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల రైతులకు ఈ వాయువు కొత్తది కాదు, పేరు మాత్రమే కొత్త. ఇది గ్రానైటు రాతి నేల. కరెంటు మోటార్లు, బోరుబావులు విస్తరించక పూర్వం పెద్ద దిగుడుబావులపై వ్యవసాయం సాగేది. పంపు నీటిని పీల్చగల లోతు ఆచరణలో ఆరేడు మీటర్లకు మించదు కాబట్టి, నీటిమట్టం పడిపోయినపుడు ఆయిల్ ఇంజనును బావి లోపలికే దించి, గట్టు వంటి చోట అమర్చేవారు. ఇంజను పొగ బావిలోనే నిలిచేది. ఆగిన ఇంజనును చూడటానికి దిగినవాడు స్పృహ తప్పడం, అతనిని పైకి తీయడానికి దిగిన రెండవవాడు, మూడవవాడు కూడా పడిపోవడం ఇటువంటి బావులలో జరిగే ప్రమాదాల తీరు.

బావిలో దిగేముందు లాంతరు దించి చూడటం పాత పద్ధతి. దీపం ఆరిపోతే దిగరు. ఈ పరీక్ష మంచిదే గాని, అది ఆక్సిజన్ తగ్గినదని, కార్బన్ డయాక్సైడ్ నిండినదని మాత్రమే తెలుపుతుంది. మనిషిని చంపగల కార్బన్ మోనాక్సైడ్ ఉన్న గాలిలో దీపం చక్కగా వెలుగుతూనే ఉంటుంది. బొగ్గుగనులలో దీపంతో పాటు కెనరీ పక్షులను కూడా వాడటానికి కారణం ఇదే. బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ 1890లలో చిన్న ప్రాణులు ఈ వాయువుకు మనిషికంటె ముందుగా సొమ్మసిల్లుతాయని గుర్తించి వాటి వాడకాన్ని సూచించాడు. బ్రిటన్ గనులలో 1986 వరకు కెనరీలు ఉండేవి. తరువాత వాటి స్థానాన్ని ఎలక్ట్రానిక్ పరికరాలు ఆక్రమించాయి.

వడకర దుర్ఘటన

భారతదేశంలో కారవాన్‌కు సంబంధించి ఎక్కువగా చర్చకు వచ్చిన ప్రమాదం 2024 డిసెంబరులో కేరళలోని కోజికోడ్ జిల్లా వడకర వద్ద జరిగింది. రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు వ్యక్తులు 23వ తేదీన మరణించి ఉండగా కనుగొన్నారు. కాలికట్ ఎన్ఐటీ నిపుణులతో కూడిన బృందం అదే వాహనంలో పరిస్థితులను తిరిగి కల్పించి పరీక్షించింది. ఏసీ కొరకు నడిపిన జనరేటరు పొగ వాహనం అడుగుభాగంలోని రంధ్రం గుండా లోపలికి చేరినదని, రెండు గంటలలో కార్బన్ మోనాక్సైడ్ 900 పీపీఎంకు పైబడినదని తేలింది. పైన చెప్పిన లెక్కను బట్టి ఇది నిద్రలో ఉన్నవారు మేల్కొనే అవకాశం లేని స్థాయి.

శీతల దేశాలలో ఇటువంటి మరణాలు ప్రధానంగా చలికాలంలో, హీటర్ల మూలంగా జరుగుతాయి. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్ వద్ద ఒక విడిదిలో గ్యాస్ హీటరు పెట్టుకొని పడుకున్న ఎనిమిది మంది కేరళ పర్యాటకులు మరణించడం ఆ కోవకు చెందినది. దక్కను పీఠభూమిలో చలి కొద్దినెలలే. ఎండ 40 డిగ్రీలు దాటే మార్చి-జూన్ మాసాలలో ఏసీ కొరకు ఇంజనునో, జనరేటరునో రాత్రంతా నడపటం ఇక్కడ ఎక్కువ సంభవం. దేశంలో 2025 నుండి కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీని తప్పనిసరి చేశారు. ఎండలో బండి నడిపేవారికి ఇది ఎంతో మేలు. ఐతే బండి ఆపి, అద్దాలు బిగించి, ఇంజను నడుస్తుండగా నిద్రించే అలవాటు పెరిగితే ఈ ప్రమాదం కూడా పెరుగుతుంది.

కార్లలో ఇటువంటి మరణాలు జరిగినపుడు "ఏసీ గ్యాస్ లీకై" అని వార్తలలో వ్రాయడం పరిపాటి. ఏసీలో తిరిగే శీతలీకరణ వాయువు కొద్దిగా లీకైనంత మాత్రాన సాధారణంగా ఇటువంటి మరణాలు సంభవించవు. ఎక్కువ సందర్భాలలో అనుమానించవలసినది ఇంజను పొగనే. ఈ తప్పు పేరు వలన జనం ఏసీ మెకానిక్కు వద్దకు పోతారు గాని, తుప్పుపట్టిన సైలెన్సరును చూపించుకోరు.

పొగ లోపలికి వచ్చే మార్గాలు

సైలెన్సరు గొట్టంలో చిల్లులు, అడుగు రేకులో వైర్ల కొరకు, పైపుల కొరకు వేసి మూయకుండా వదలిన రంధ్రాలు, వెనుక తలుపు రబ్బరు పాడవడం ముఖ్యమైన మార్గాలు. సాధారణ వ్యానును కొని స్థానిక వర్క్‌షాపులో కారవాన్‌గా మార్పించినపుడు ఈ రంధ్రాల విషయంలో మరింత శ్రద్ధ వహించాలి. మన దేశంలో మోటారు కారవాన్ల ఆమోదానికి ఏఐఎస్-124 అను ప్రమాణం కలదు.

నడుస్తున్న వాహనం వెనుక గాలి సుడి తిరిగి, పొగను వెనక్కు లాగుతుంది. వెనుక తలుపో, వెనుక పరదానో మాత్రమే తెరచి ఉంచితే లోపలికి వచ్చేది మంచిగాలి కాదు, పొగయే. అమెరికాలో పికప్ ట్రక్కుల వెనుక కప్పువేసిన తొట్టిలో కూర్చున్న పిల్లలు ఈ విధంగా విషప్రభావానికి లోనైన సంఘటనలను వైద్యులు 1992లో ప్రచురించారు. జాతరకు పోయే డీసీఎంపై టార్పాలిన్ కప్పి వెనుకభాగం మాత్రం తెరచి ఉంచడం ఇటువంటిదే. గాలి ముందు నుండి కూడా ఆడేటట్లు చూడాలి.

పక్కన ఆగిన మరో లారీ గొట్టం తమ కిటికీవైపు ఉన్నా ప్రమాదమే. పెట్రోలుతో నడిచే చిన్న జనరేటర్లు ఆధునిక కారుకంటె అనేక రెట్లు ఎక్కువ కార్బన్ మోనాక్సైడ్‌ను విడుస్తాయి, ఎందుకంటే కార్లలో ఉండే కేటలిటిక్ కన్వర్టరు సామాన్యంగా వాటికి ఉండదు. వాటిని వాహనానికి దూరంగా, గాలి వాలుకు అవతలి దిక్కున, గొట్టం బయటివైపు తిరిగి ఉండేటట్లు పెట్టాలి. పడుకునేముందు ఆపివేయడం అన్నిటికంటె ఉత్తమం. గ్యాసుపొయ్యిని చలి కాచుకొనుటకు వాడరాదు. కుంపటిని నిప్పులు ఆరుతున్న దశలో కూడా వాహనంలోకి తేరాదు.

డిటెక్టర్లు

మార్కెట్‌లో లభించే కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్లలో అధికభాగం విద్యుద్రసాయన ఘటం ఆధారంగా పనిచేస్తాయి. ఘటంలో చేరిన వాయువు ఒక ఎలక్ట్రోడు వద్ద నీటితో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ చర్యలో విడుదలైన ఎలక్ట్రాన్ల వలన స్వల్ప విద్యుత్తు ప్రవహిస్తుంది. వాయువు ఎంత ఎక్కువైతే విద్యుత్తు అంత ఎక్కువ. తగరపు ఆక్సైడు అర్ధవాహకంతోను, రంగు మారే రసాయనపు జిగురుతోను పనిచేసే రకాలు కూడా ఉన్నాయి.

డిటెక్టరు వాయువు సోకిన వెంటనే మోగదు. పరిమాణాన్ని, సమయాన్ని కలిపి లెక్కిస్తుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం 50 పీపీఎం వద్ద 60 నుండి 90 నిముషాల మధ్య, 100 పీపీఎం వద్ద 10 నుండి 40 నిముషాల మధ్య, 300 పీపీఎం వద్ద మూడు నిముషాలలోగా మోగాలి. ఈ ప్రమాణంలోని రెండవ భాగం కారవాన్లకు, పడవలకు ప్రత్యేకించినది. వాహనపు కుదుపులను తట్టుకొనగలదా అన్నది కూడా అందులో పరీక్షిస్తారు. కనుక వాహనం కొరకు కొనేవారు పెట్టెపై ఈఎన్ 50291-2 అని ఉన్నదేమో చూసుకోవాలి. అమెరికాలో యూఎల్ 2034 అను ప్రమాణం అమలులో ఉన్నది.

వంటగ్యాసు డిటెక్టరు, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టరు ఒకటి కావు. వంటగ్యాసు గాలికంటె బరువు గనుక దాని పరికరాన్ని నేలకు దగ్గరగా అమరుస్తారు. కార్బన్ మోనాక్సైడ్ పరికరాన్ని పడుకున్నవారి తల ఎత్తున, పొయ్యికి ఒకటి నుండి మూడు మీటర్ల దూరంలో పెట్టాలి. కిటికీ పక్కన గాని, అలమరలో గాని, పరదా చాటున గాని పెట్టరాదు. ఒకటి ఉన్నది గదా అని రెండవది మానివేయడం తగదు.

పాలమూరు ఎండలలో మరొక చిక్కు ఉన్నది. చాలా పరికరాలు 40 నుండి 50 డిగ్రీల వేడి వరకే సరిగా పనిచేసేటట్లు తయారవుతాయి. ఎండలో మూసి ఉంచిన వాహనం లోపల వేడి అంతకు మించుతుంది. తరచుగా ఇట్లు జరిగితే ఘటంలోని ద్రవం ఎండి, దాని ఆయువు తగ్గుతుంది. సాధారణంగా ఐదు నుండి పది సంవత్సరాలు పనిచేసే పరికరాన్ని గడువు తేదీకి ముందే మార్చవలసి రావచ్చు. పరీక్ష బటన్ నొక్కితే శబ్దం వచ్చినంత మాత్రాన లోపలి ఘటం బాగున్నదని అర్థం కాదు. చాలావాటిలో ఆ బటన్ బ్యాటరీని, సర్క్యూటును, హారన్‌ను మాత్రమే పరీక్షిస్తుంది. ఛార్జింగు అవుతున్న లెడ్ యాసిడ్ బ్యాటరీల నుండి వెలువడే హైడ్రోజన్‌కు కూడా కొన్ని డిటెక్టర్లు మోగుతాయి. అటువంటి మోతకు విసిగి బ్యాటరీలు తీసివేసేవారు ఉన్నారు. బ్యాటరీ అరకు గాలి ఆడే ఏర్పాటు చేస్తే సమస్య తీరుతుంది.

లక్షణాలు, చికిత్స

తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, కాళ్ళలో నీరసం మొదటి లక్షణాలు. వేసవిలో దీనిని వడదెబ్బ అనుకొంటారు, జాతరలో తిన్న తిండి పడలేదనుకొంటారు, లారీ డ్రైవరైతే తాగి పడుకున్నాడనుకొంటారు. ఒకే వాహనంలోని ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి రావడం, బయటకు వస్తే తగ్గడం గుర్తుపట్టడానికి ముఖ్యమైన ఆధారాలు. జ్వరం ఉండదు. చర్మం ఎర్రబారుతుందని పాఠ్యపుస్తకాలు చెప్పే లక్షణం బ్రతికి ఉన్నవారిలో అరుదు.

డిటెక్టరు మోగినా, ఈ లక్షణాలు కనిపించినా వెంటనే అందరూ బయటకు రావాలి. తలుపులు బార్లా తెరచి, ఇంజను ఆపి, 108కి ఫోన్ చేయాలి. స్పృహలేనివారి కొరకు లోపలికి పోయేవారు ముందు అన్ని తలుపులు తెరవాలి. వీలైతే బయటినుండే లాగాలి. బావిలో రెండవవానికి జరిగినదే ఇక్కడ కూడా జరుగుతుంది.

ఆసుపత్రిలో మాస్కు ద్వారా స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తారు. మామూలు గాలిలో రక్తంలోని కార్బాక్సీ హిమోగ్లోబిన్ సగానికి తగ్గుటకు నాలుగైదు గంటలు పట్టగా, ఆక్సిజన్ ఇచ్చినచో గంట, గంటన్నర చాలు. అధిక పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే గదులు కొన్ని పెద్ద ఆసుపత్రులలో ఉన్నవి, వాటిలో ఇది అరగంటకు తగ్గుతుంది. గర్భవతుల విషయంలో తల్లి కోలుకున్నట్లు కనిపించినా శిశువు రక్తంలో వాయువు ఎక్కువసేపు నిలుస్తుంది గనుక చికిత్స మరింత సేపు కొనసాగిస్తారు.

కోవిడ్ కాలంలో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సీమీటరును ఈ సందర్భంలో నమ్మరాదు. వేలికి తొడిగే ఆ పరికరం కార్బాక్సీ హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్‌గానే లెక్కిస్తుంది. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి కూడా 98, 99 అని చూపవచ్చు. రక్తాన్ని తీసి కో-ఆక్సీమీటరు అను యంత్రంలో పరీక్షించినపుడే నిజమైన అంకె తెలుస్తుంది. ఆసుపత్రి నుండి బాగై ఇంటికి వచ్చినవారిలో కొందరికి కొన్ని రోజులు మొదలు ఆరు వారాల లోపున మతిమరుపు, నడకలో తడబాటు, ప్రవర్తనలో మార్పు కనిపిస్తాయి. అప్పుడు వైద్యునికి పాత సంఘటనను తప్పక చెప్పాలి.