రెండొందల యాభైలో ఒకటి: డౌన్స్ పరీక్షల తారీఖ్



ఈమధ్య మన ఇళ్ళల్లో హమల్ నిలిచిందంటే మూడో నెలలో ఒక స్కాను, ఒక రక్తపరీక్ష మామూలైపోయాయి. రక్తపరీక్షను డబుల్ మార్కర్ అంటున్నారు. రిపోర్టులో ‘హై రిస్క్’ అనో ‘స్క్రీన్ పాజిటివ్’ అనో వచ్చిందా, ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అత్తగారు తస్బీ పట్టుకుంటుంది. ఒకరు “తీయించేయండి, ఇంకా చిన్న వయసే కదా” అంటారు. ఇంకొకరు “తౌబా తౌబా, ఆ మాట నోట రానివ్వకండి” అంటారు. కడుపుతో ఉన్న పిల్లను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఆ కాగితం వెనక నూటయాభై ఏళ్ళ తారీఖ్ ఉంది. అది తెలిస్తే ఫైసలా ఏదైనా కాస్త హోష్‌తో చేసుకోవచ్చని నా ఖయాల్.

ముందు పేరు సంగతి. 1866లో ఇంగ్లండులో జాన్ లాంగ్డన్ డౌన్ అనే డాక్టరు ఈ పిల్లల గురించి మొదటిసారి వివరంగా రాశాడు. ఎర్ల్స్‌వుడ్ అనే చోట బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళను ఉంచే పెద్ద సంస్థకు ఆయన అధికారి. కొందరు పిల్లల మొహాలు ఒకే ఇంటివాళ్ళలా ఉన్నాయని గమనించాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ జమానాలో అన్నిటికీ జాతుల లెక్క కట్టేవారు కదా, ఈయన కూడా ఆ పిల్లలకు ‘మంగోలియన్’ అని పేరు పెట్టేశాడు. వందేళ్ళ దాకా డాక్టర్లు అదే మాట వాడారు. 1961లో కొందరు సైంటిస్టులు లాన్సెట్ పత్రికకు ఉత్తరం రాసి ఆ మాట వద్దన్నారు. 1965లో మంగోలియా దేశం వాళ్ళే అభ్యంతరం చెప్పాక ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వదిలేసింది. అప్పటినుంచి డౌన్స్ సిండ్రోమ్ అన్న పేరే నిలిచింది.

ఎందుకు వస్తుందన్నది 1959 దాకా తేలలేదు. ప్యారిస్‌లో మార్త్ గోతియే అనే డాక్టరమ్మ అమెరికాలో కణాలు పెంచే పని నేర్చుకుని వచ్చి, చిన్న ల్యాబు పెట్టుకుని ఈ పిల్లల కణాలు పెంచింది. ఒక్కో కణంలో 46 ఉండాల్సిన క్రోమోజోములు 47 కనిపించాయి. ఫొటో తీసే మైక్రోస్కోపు ఆమె దగ్గర లేదు. ఫొటోల కోసం స్లైడ్లు తీసుకెళ్ళిన జెరోమ్ లెజూన్ పేరు వ్యాసంలో ముందు వచ్చింది, ఆమె పేరు వెనక వచ్చింది, అది కూడా తప్పుగా అచ్చయింది. దునియా అంతా లెజూన్‌నే మెచ్చుకుంది. ఇంకో సంగతి: అదే లెజూన్, తన పరిశోధన పట్టుకుని డాక్టర్లు గర్భంలోనే ఈ పిల్లల్ని గుర్తించి తీసేయడం మొదలుపెట్టాక, జిందగీ అంతా దానికి ఖిలాఫ్‌గా మాట్లాడాడు.

ఆ అదనపు క్రోమోజోము 21వ నంబరుది. చాలామటుకు అది తల్లి అండం తయారయ్యేటప్పుడు జత సరిగా విడిపోకపోవడం వల్ల మిగిలిపోతుంది. ఎవరు తిన్నదాని వల్లా కాదు, గ్రహణం వల్లా కాదు, నజర్ వల్లా కాదు. మన ఘరానాల్లో ఒక మాట తరచుగా వింటుంటాను, “ఖాలా కొడుకును చేసుకుంది కాబట్టి ఇలా అయింది” అని. దగ్గరి రిష్తేదారీ పెళ్ళిళ్ళలో తలసీమియా లాంటి జబ్బుల భయం ఉన్నమాట నిజం. సాధారణంగా వచ్చే డౌన్స్‌కూ దానికీ సంబంధం లేదు. నూటికి మూడు నాలుగు కేసుల్లో మాత్రం క్రోమోజోము ముక్క ఇంకోదానికి అతుక్కుని ఉంటుంది. అప్పుడు తల్లిదండ్రులిద్దరికీ పరీక్ష చేయించాలి. అది కూడా ఎవరి కసూరూ కాదు.

తల్లి వయసుకూ దీనికీ లింకు ఉందని 1933లోనే ఇంగ్లండులో లయొనెల్ పెన్‌రోజ్ తేల్చాడు. ఇరవై అయిదేళ్ళ తల్లికి సుమారు 1,250 కాన్పులకు ఒకటి, ముప్పై అయిదుకు సుమారు 350కి ఒకటి, నలభైకి సుమారు 100కి ఒకటి. ఆ తర్వాత వచ్చింది సూది. 1968లో న్యూయార్క్‌లో కార్లో వాలెంటి ఉమ్మనీరు తీసి, గర్భంలో ఉండగానే డౌన్స్‌ను గుర్తించాడు. సూది వల్ల కొద్దిమందికి గర్భం పోయే ఖతరా ఉంది కాబట్టి ముప్పై అయిదు దాటిన వాళ్ళకే చేసేవారు. అయితే పిల్లల్ని ఎక్కువగా కనేది చిన్న వయసువాళ్ళే, కనక డౌన్స్ పిల్లలు ఎక్కువమంది వాళ్ళకే పుట్టేవారు. వీళ్ళలో ఎవరికి సూది వేయాలి? స్క్రీనింగ్ పుట్టింది ఈ సవాల్‌కు జవాబుగానే. 1988లో నికొలాస్ వాల్డ్ బృందం మూడు రక్తపరీక్షల ట్రిపుల్ టెస్ట్ చూపించింది. 1992లో లండన్‌లో నికొలైడిస్ బృందం శిశువు మెడ వెనక నీటి మందాన్ని స్కానులో కొలిచి చూపించింది. 1997లో డెనిస్ లో తల్లి రక్తంలోనే శిశువు డీఎన్‌ఏ ఉంటుందని కనిపెట్టాడు. ఇప్పుడు వేలు ఖర్చుపెట్టి చేయించుకునే ఎన్‌ఐపీటీ దాని ఫలమే.

అసల్ బాత్ ఇక్కడుంది. స్క్రీనింగ్ పుట్టింది సూది ఎవరికి వేయాలో ఏరడానికి. బిడ్డకు ఉందో లేదో చెప్పడం దాని పని కాదు. 250లో 1 వస్తే చాలా ల్యాబులు ‘హై రిస్క్’ అని ఎర్రక్షరాల్లో కొడతాయి. అచ్చం అదే నంబరు వచ్చిన 250 మంది తల్లుల్ని వరసగా నిలబెడితే 249 మంది కడుపులో బిడ్డకు డౌన్స్ ఉండదు. మా బంధువుల పిల్లకు ఒక ల్యాబు ఫోన్లో “పాజిటివ్ వచ్చింది” అని మాత్రం చెప్పింది, నంబరు చెప్పలేదు. మూడు రోజులు ఆ పిల్ల అన్నం ముట్టలేదు. ఎన్‌ఐపీటీ చాలా నయం, నూటికి 99 డౌన్స్ కేసుల్ని పట్టుకుంటుంది. అయినా అదీ స్క్రీనింగే. అందులో దొరికే డీఎన్‌ఏ చాలావరకు మాయది. ముఖ్యంగా చిన్న వయసు తల్లుల్లో తప్పుడు పాజిటివ్‌లు వస్తాయి. ఖచ్చితంగా తేల్చేవి రెండే: 11 వారాల నుంచి చేసే మాయ ముక్క పరీక్ష, 15 వారాలు దాటాక చేసే ఉమ్మనీటి పరీక్ష. ఆ రెంటిలో ఒకటి కాకుండా ఫైసలా చేయడం గాలిలో రాయి విసరడమే.

మన దేశంలో ఈ సూది కథ ఇంకో దారి పట్టింది. 1970లలో జబ్బులు కనిపెట్టడానికి వచ్చిన ఉమ్మనీటి పరీక్షను జనం ఆడపిల్లల్ని ఏరిపారేయడానికి వాడుకున్నారు. దాన్ని ఆపడానికి 1994లో చట్టం వచ్చింది, 1996 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం ప్రకారం సూది వేసేముందు తల్లికి మంచిచెడ్డలు చెప్పి రాతపూర్వకంగా ఇజాజత్ తీసుకోవాలి. 1971 నాటి గర్భస్రావ చట్టం 2021లో మారాక, పెద్ద లోపాలున్న కేసుల్లో మెడికల్ బోర్డు ఒప్పుకుంటే వారాల హద్దు లేదు. మేజర్ అయిన ఆడమనిషి విషయంలో చట్టం అడిగేది ఆమె ఇజాజత్ ఒక్కటే. షౌహర్‌దీ కాదు, సాస్‌దీ కాదు.

చట్టం తలుపు తెరిచినంత మాత్రాన మనవాళ్ళ దిల్ ఊరుకోదు, నాకు తెలుసు. హదీసుల ఆధారంగా ఉలమా 120 రోజులకు రూహ్ ఊదబడుతుందని చెప్తారు. ఆ తర్వాత తల్లి ప్రాణానికి ఖతరా ఉంటే తప్ప గర్భం తీయించడం హరామ్ అన్న మాట మీద పెద్దగా ఇఖ్తిలాఫ్ లేదు. అంతకు ముందు సంగతిలో మజ్‌హబ్‌ల మధ్య తేడాలున్నాయి. మాలికీలు మొదటినుంచీ గట్టిగా వద్దంటారు. హనఫీల్లో కొందరు సరైన ఉజ్ర్ ఉంటే చోటిస్తారు. 1990లో మక్కాలో ముస్లిం వరల్డ్ లీగ్ వారి ఫిఖ్ కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది. 120 రోజుల లోపు, నమ్మకమైన నిపుణుల బృందం బిడ్డకు వైద్యం లేని తీవ్రమైన లోపం ఉందని పరీక్షలతో తేల్చి, తల్లిదండ్రులు కోరితే జాయిజ్ అంది. డౌన్స్ ఆ ‘తీవ్రమైన లోపం’ కిందికి వస్తుందా? ఇక్కడే ఉలమా ఒక మాట మీద లేరు.

ఒక లెక్క మాత్రం అందరూ గుర్తుంచుకోండి. డాక్టరు వారాలు ఆఖరి హైజ్ మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. 120 రోజుల లెక్క హమల్ నిలిచిన రోజు నుంచి. రెంటికీ సుమారు రెండు వారాల ఫరఖ్. అంటే డాక్టరు లెక్కలో 19 వారాలకు ఆ హద్దు వచ్చేస్తుంది. 17వ వారంలో మొదటి రక్తపరీక్ష చేయించి, రిపోర్టుకు వారం ఆగి, ఉమ్మనీటి ఫలితానికి ఇంకో రెండు వారాలు ఆగితే ఆలోచించుకునే వఖ్త్ మిగలదు. తెలుసుకోవాలనుకునేవాళ్ళు 11 నుంచి 13 వారాల మధ్యే మొదలుపెట్టాలి. తెలిసినా బిడ్డను కనేద్దామనుకునేవాళ్ళకు సూది అక్కర్లేదు, స్క్రీనింగ్ కూడా వద్దనవచ్చు. అలా అనే హక్కు ఉంది. అయితే అయిదో నెల స్కాను మానొద్దు. డౌన్స్ పిల్లల్లో సగానికి దగ్గరగా గుండెలో లోపంతో పుడతారు, ముందే తెలిస్తే పెద్దాసుపత్రిలో కాన్పుకు తయారీ చేసుకోవచ్చు.

ఆ గుండె ఆపరేషన్లే కథ మార్చాయి. అమెరికాలో 1983లో ఈ పిల్లల సగటు ఆయుష్షు 25 ఏళ్ళు, ఇప్పుడు 60కి చేరింది. అందువల్ల ఈనాటి ఫైసలాలో రెండు ఫికర్లు ఉంటాయి: బిడ్డ ఎలా ఎదుగుతుంది, మన తర్వాత ఎవరు చూస్తారు. గుంటూరులో మా ఖాలా కొడుక్కి డౌన్స్ ఉంది. ముప్పై దాటాడు. జుమ్మాకు అందరికంటే ముందు వెళ్ళి చెప్పులు జతలుగా సర్ది పెడతాడు, ఎవరి జత ఎవరిదో మర్చిపోడు. అతన్ని చూసి మా వాళ్ళంతా మురిసిపోతారు. అతనికి మాటలు నేర్పడానికి మా ఖాలా ఎన్నేళ్ళు ఒంటరిగా బస్సులెక్కి తిరిగిందో ఎవరికీ గుర్తులేదు. “కనేయమ్మా, అల్లాహ్ చూసుకుంటాడు” అనే చుట్టాలు, ఆ బస్సులో తోడు వెళ్ళేందుకు కూడా తయారుగా ఉండాలి.

కాబట్టి నా గుజారిష్ ఇంతే. రిపోర్టు చేతికొస్తే ముందు నంబరు అడగండి. తర్వాత జెనెటిక్ కౌన్సెలింగ్ చేసే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. హైదరాబాద్‌లో బేగంపేట జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. మస్లా అడగదలిస్తే మీకు తెలిసిన ఆలిమ్ దగ్గరికి రిపోర్టూ, వారాల లెక్కా పట్టుకుని వెళ్ళండి, ఖాళీ చేతులతో కాదు. డౌన్స్ బిడ్డను పెంచుతున్న ఒక తల్లితో కూర్చుని మాట్లాడండి. ఇవన్నీ అయ్యాక ఆ పిల్ల ఏం ఫైసలా చేసుకున్నా, ఆమె వెనక నిలబడండి. తానా కొట్టకండి.

అల్లాహ్ అందరి ఔలాద్‌నూ సలామత్‌గా ఉంచుగాక. ఆమీన్.