రోదసికి పోయిన బిడ్డలూ, ఇంటి దగ్గర తల్లులూ

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ పూట రోదసి యాత్రల చరిత్ర చెబుదామని మీ ముందుకు వచ్చాను. "రాకెట్ల గొడవ మనకెందుకమ్మా, ఊరగాయ సంగతేదైనా చెప్పరాదూ" అనుకుంటున్నారేమో. నేనూ నిన్నమొన్నటిదాకా అట్లాగే అనుకున్నదాన్నే. మనసు ఎందుకు మార్చుకున్నానో వినండి.

మాది ప్రొద్దుటూరు. ఆ మధ్య ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ బ్రహ్మంగారిమఠం పోయాం. స్వామి సమాధి దర్శనం చేసుకుని, ఈశ్వరమ్మగారి మఠం కూడా చూసుకుని, చెట్టు నీడన పులిహోర పొట్లాలు విప్పాం. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి అప్పుడు మెల్లగా మాట కదిపింది. బడి పిల్లల్ని శ్రీహరికోట తీసుకుపోతారట, మేము కాగితం మీద సంతకం పెట్టాలట.

మా అత్త వెంటనే అందుకుని, "రాకెట్లలో ఏముందే! అవన్నీ బ్రహ్మంగారు యెప్పుడో చెప్పినాడు" అనింది. పిల్ల ఊరుకుంటుందా? "చెప్పినాడు సరే అవ్వా. పోయినోళ్ళు ఎవరు, ఎట్లా పోయినారు? అది గదా నాకు కావాల్సింది" అనింది. నేను మాత్రం, "ఆడపిల్లవు, అంత దూరం వద్దు" అని ఒక్క మాటతో తేల్చేశాను. పిల్ల తింటున్న పొట్లం మడిచి పక్కన పెట్టేసింది. తిరుగు దారిలో బస్సులో మాటా పలుకూ లేదు.

నేను పదో తరగతి పాసై, ఆ ఏడే పెళ్ళిపీటల మీద కూర్చున్నదాన్ని. ఆ రాత్రి గిన్నెలు సర్దుకున్నాక, పిల్ల గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. రోదసికి పోయినవాళ్ళు కూడా మనవంటి ఇళ్ళలోంచే పోయారని అప్పుడు తెలిసింది.

1961 ఏప్రిల్ 12న రష్యా యువకుడు యూరీ గగారిన్ భూమిని ఒక చుట్టు చుట్టి వచ్చాడు. మొత్తం 108 నిముషాలు. మనం ఒక పూట వంట ముగించి వడ్డించేంత సేపన్నమాట. ఆయన వడ్రంగి కొడుకు, మొదట నేర్చింది లోహాలు పోతపోసే పని. తిరిగి వస్తూ పారాచూట్‌తో ఒక పల్లెటూరి పొలంలో దిగాడు. అక్కడ ఒక రైతు స్త్రీ, చిన్న మనవరాలిని వెంటబెట్టుకుని బంగాళాదుంపల పనిలో ఉంది. నారింజ రంగు దుస్తులూ, తెల్లటి శిరస్త్రాణమూ చూసి ఇద్దరూ జడుసుకున్నారట. నేనూ మీ మనిషినేనని ఆయన నచ్చచెప్పవలసి వచ్చింది. ఆ ఏడాది చివర్లోనే గగారిన్ మన దేశం వచ్చి, హైదరాబాదు కూడా చూసి వెళ్ళాడు.

రెండేళ్ళకు, 1963 జూన్ 16న, మొదటి స్త్రీ వెళ్ళింది. పేరు వాలెంతీనా తెరిష్కోవా. వయసు 26. తండ్రి ట్రాక్టరు నడిపేవాడు, యుద్ధంలో పోయాడు. తల్లి బట్టల మిల్లులో పనిచేసి పిల్లల్ని పెంచింది. ఈ అమ్మాయీ ఆ మిల్లు పనిలోనే చేరి, రాత్రిపూట చదువుకుంది. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల మగ్గం మీద బతికే ఇళ్ళెన్ని లేవు! అటువంటి ఇంటి పిల్లే అనుకోండి. సెలవు రోజుల్లో సరదాగా పారాచూట్ దూకడం నేర్చుకుంది, ఆ విద్యే ఆమెను పైకి తీసుకుపోయింది. దాదాపు 3 రోజుల్లో భూమిని 48 సార్లు చుట్టింది.

అంతకన్నా నన్ను పట్టుకున్న సంగతి ఇంకొకటుంది. శిక్షణ అంతా రహస్యం గనుక, పారాచూట్ పోటీలకు పోతున్నానని తల్లికి చెప్పి వెళ్ళిందట. కూతురు రోదసిలో ఉందన్న సంగతి ఆ తల్లికి రేడియోలో తెలిసింది! ఇంటిపనుల మధ్య ఉన్నట్టుండి ఆ వార్త చెవిన పడితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. ఆమె దగ్గర దాచింది ప్రభుత్వం కోసం. మన బిడ్డలు మన నోటికి జడిసి ఎన్ని ఆశలు మన దగ్గర దాస్తున్నారో అని నాకు గుబులు పుట్టింది.

తెరిష్కోవాతోపాటు శిక్షణ పొందిన మరి నలుగురు స్త్రీలకు ఒక్కసారైనా పోయే అవకాశం రాలేదు. రెండో స్త్రీ స్వెత్లానా సవీత్స్కయా వెళ్ళేసరికి 1982 వచ్చింది. 19 ఏళ్ళు! తలుపు ఒకసారి తీసి, మళ్ళీ గడియ పెట్టినట్టయింది.

ఈలోగా 1969 జులై 20న అమెరికావాళ్ళు చంద్రుడి మీద కాలు పెట్టారు. ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు అందరికీ తెలుసు. ఆయన తొడుక్కున్న దుస్తులు కుట్టింది ఎవరో తెలుసునా? ఆడవాళ్ళ లోదుస్తులు తయారుచేసే కంపెనీలో కుట్టుపని చేసుకునే ఆడవాళ్ళు. ఒకదాని మీద ఒకటి 21 పొరలు. బియ్యపు గింజ మందమంత కూడా కుట్టు పక్కకు జరగకూడదు. ఎక్కడైనా చిల్లు పడితే లోపలి గాలి పోతుంది, మనిషీ పోతాడు. మిషను తొక్కే చేతుల మీద అంత భారం పెట్టారు.

మన దేశం సంగతికి వస్తే, 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ వెళ్ళారు. పుట్టింది పటియాలాలో అయినా ఆయన చదువుకున్నది హైదరాబాదులో, సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లోనూ, నిజాం కాలేజీలోనూ. రష్యా వారి సల్యూత్ కేంద్రంలో దాదాపు 8 రోజులున్నారు. మైసూరు రక్షణ ఆహార పరిశోధనాలయం వారు చేసిచ్చిన రవ్వ హల్వా, పులావు అక్కడ రష్యన్లకు కూడా పెట్టారట. యోగాసనాలు వేసి, శరీరం ఎట్లా ఉంటుందో పరీక్ష చేశారు.

అక్కడ మనిషి ఎందుకు తేలుతాడని పిల్లలడిగితే చెప్పండి. భూమి వాళ్ళనూ లాగుతూనే ఉంటుంది. వాళ్ళు పడుతూనే ఉంటారు. అయితే గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పక్కకు పోతూ ఉంటారు గనుక, పడేకొద్దీ గుండ్రటి భూమి కూడా వంగిపోతుంది, నేల తగలదు. నౌకా, మనిషీ, చెంచా అన్నీ కలిసి పడుతుంటే ఇక దేనికీ బరువు తెలియదు. రొట్టె పొడి రాలితే యంత్రాల్లో దూరుతుందని, 1985 నుంచి మన చపాతీల వంటి మెక్సికో రొట్టెలు తీసుకుపోతున్నారు. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ రోదసి కేంద్రానికి వెళ్ళినప్పుడు క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా పట్టుకుపోవడమే కాక, అక్కడ మెంతులూ పెసలూ మొలకెత్తించి చూశారు. మనం రోజూ తడిగుడ్డలో మూట కట్టే గింజలే!

మన తెలుగువారి వాటా కూడా ఉంది. గుంటూరు సీమ మూలాలున్న బండ్ల శిరీషకు వ్యోమగామి కావాలని చిన్ననాటి ఆశ. కంటిచూపు బాగాలేక నాసా దారి మూసుకుపోయింది. ఆమె చదువు మానలేదు. ఇంజనీరింగు చదివి, ఒక ప్రైవేటు కంపెనీ నౌకలో 2021 జులై 11న 86 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, ఆ కాసిని నిముషాల్లోనే మొక్కల మీద ప్రయోగం చేసి వచ్చింది. అదే ఏడాది నవంబరులో రాజాచారి ముగ్గురు సహచరులకు నాయకుడుగా వెళ్ళి, దాదాపు 6 నెలలు రోదసి కేంద్రంలో ఉన్నారు. ఆయన తండ్రి హైదరాబాదు నుంచి చదువు కోసం అమెరికా వెళ్ళినవారు.

అక్కయ్యలూ, ఇంత చెప్పి ఒకటి దాచితే తప్పవుతుంది. కర్నాల్ పిల్ల కల్పనా చావ్లా 1997లో ఒకసారి క్షేమంగా వెళ్ళి వచ్చింది. రెండోసారి, 2003 ఫిబ్రవరి 1న, దిగడానికి ఇంకా 16 నిముషాలుందనగా కొలంబియా నౌక ముక్కలై ఏడుగురూ పోయారు. బయలుదేరిన రోజున ఇంధనపు ట్యాంకు మీది నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకు తగలడమే కారణమని తేల్చారు. పోయినవారిలో లారెల్ క్లార్క్ అనే ఆమె, ఎనిమిదేళ్ళ కొడుకున్న తల్లి. ఆ పేజీ చదివి పుస్తకం మూసేశాను. నా భయమే సరైనదనిపించింది.

తెల్లవారి పిల్ల మరో కాగితం చూపించింది. 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో చేసిన పరీక్ష గురించి. మన మనుషుల్ని మన రాకెట్టులోనే పంపాలన్న గగన్‌యాన్ పనిలో అదొకటి. మనిషి లేని ఖాళీ గది పంపి, ప్రమాదం వస్తే దాన్ని ఎట్లా విడిపించి వెనక్కి తేవాలో చూశారు. ఇంకా 5 సెకండ్లుందనగా కంప్యూటరు ఆపేసింది. లోపమేమిటో చూసి, సరిచేసి, 10 గంటలకు మళ్ళీ వదిలారు. గది పారాచూట్ల మీద బంగాళాఖాతంలో దిగింది, నౌకాదళం వారు తెచ్చారు. అంటే పంపకముందే తెచ్చుకునే దారి చూసుకుంటున్నారు. వాళ్ళకూ భయముంది. భయపడి ప్రశ్నలడిగారు, పని మానలేదు. నేనేమో ఒక్క ప్రశ్నా అడగకుండానే వద్దనేశాను.

అదే పద్ధతి నేనూ పట్టాను. బడికి పోయి, వెంట వచ్చే టీచరమ్మలు ఎందరు, బస్సు ఎప్పుడు తిరిగి వస్తుంది, రాత్రి బస ఎక్కడ అని అన్నీ అడిగాను. జవాబులు విని సంతకం పెట్టాను.

బ్రహ్మంగారు బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులు కాసేవారని, ఆయన ఎంతటివారో ఆమెకు తెలిసిరాలేదని, రవ్వలకొండ దాకా పోయి కళ్ళారా చూశాక గదా తెలిసిందని పెద్దలు చెబుతారు. ఇంట్లో ఉన్నవాళ్ళనే మనం చూసుకోము. మీ పిల్లలు ఏ పుస్తకం ముందేసుకుని కూర్చుంటున్నారో ఒకసారి పోయి చూడండి.

మా పిల్ల పోయి వచ్చింది. రాత్రి అన్నాల దగ్గర అంతా పూసగుచ్చినట్టు చెబుతుంటే మా అత్త చాలాసేపు విని, "అదంతా సరేలే గానీ, పైన వుండే ఆడోళ్ళు తలకు పోసుకునేది ఎట్లనే?" అని అడిగింది. నీళ్ళు పోయకుండానే రుద్ది తుడుచుకునే సబ్బు ఉంటుందని పిల్ల చెప్పింది. అత్త నమ్మలేదు. ఆ వాదం ఇంకా నడుస్తూనే ఉంది.

సెలవు.