స్నానాల గది నేల: నాపరాయి నుంచి టైల్ దాకా

స్నానం చేసే చోట నేల నీటిని పీల్చుకోకూడదు, నిలవనివ్వకూడదు. సింధు నాగరికత మేస్త్రీలకు ఈ రెండూ తెలుసు. మొహెంజొదారో ఇళ్ళలో కాల్చిన ఇటుకలను సందు కనబడనంత దగ్గరగా పేర్చి, నేలను ఒక పక్కకు వాలు చేసి, నీరు వీధి కాలువలో పడేలా కట్టారు. పెద్ద స్నానవాటికకైతే ఇటుకల వెనుక బిటుమెన్ పూత కూడా వేశారు. అదే నాగరికతకు చెందిన కాళీబంగన్‌లో ఒక ఇంటి నేలకు వృత్తాల నగిషీ ఉన్న మట్టి పలకలు పరిచారు. అలంకారపు టైల్ కొత్త మోజేమీ కాదు.

తెలుగు ఇళ్ళలో స్నానం చాలాకాలం ఆరుబయటి వ్యవహారం. దొడ్లో నూతి పక్కన ఒక నాపరాయి, మరుగుకు తడిక ఉంటే చాలు; నీళ్ళు అరటి పాదుకు పోయేవి. కలిగినవారు గచ్చు చేయించుకునేవారు. సున్నాన్నీ ఇసుకనూ ఎడ్ల గానుగలో ఆడించి, బెల్లపు నీళ్ళు, కరక్కాయ రసం కలిపి, నేల మీద పరిచి బాగా దిమ్మిస కొట్టి, నున్నటి రాయితో మెరుగు పెట్టేవారు. ఆ ఓపిక సిమెంటు వచ్చాక అవసరం లేకపోయింది. బేతంచెర్ల, తాండూరు, కడప బండలు మాత్రం సిమెంటు కాలంలోనూ నిలిచాయి. గరుకుగా ఉన్న బండ మీద కాలు జారదు. అయితే అది సున్నపురాయి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పడితే మెరుగు పోతుంది.

యంత్రపు టైల్‌కు మూలం 1840లో ఇంగ్లండులో రిచర్డ్ ప్రాసర్ పొందిన పేటెంటు. ఆయన తలచింది గుండీలు చేయడం! కాస్త తేమ ఉన్న మట్టిపొడిని అచ్చులో గట్టిగా నొక్కే ఆ పద్ధతిని పింగాణీ తయారీదారు హెర్బర్ట్ మింటన్ టైల్స్‌కు మలిచాడు. తడి బంకమట్టి ఆరేటప్పుడు కుంచించుకుని వంకర పోతుంది, పొడి అంతగా పోదు. పలకలన్నీ ఒకే కొలతకు రావడంతో సందులు సన్నబడ్డాయి.

భారతదేశంలో హెచ్ అండ్ ఆర్ జాన్సన్ టైల్స్ సంస్థ 1958లో మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో, పెంకులకూ గడియారాలకూ పేరున్న గుజరాత్‌లోని మోర్బీ దేశపు టైల్స్ పరిశ్రమకు కేంద్రమైంది. గోదావరి తీరాన యానాంలో 1980లలో వచ్చిన రీజెన్సీ సిరామిక్స్ 2012 నాటి కార్మిక ఘర్షణల తర్వాత మూతపడింది. మెరిసే టైల్ తడిస్తే జారుతుంది కనుక మొదట గోడకే సరిపోయింది. గరుకు పైపూత టైల్స్ వచ్చాకే నేల మీదికి దిగింది.

అసలు పెద్ద మార్పు స్నానం ఇంట్లోకి, ఆపైన మేడ మీదికి ఎక్కడం. కింద ఇంకొకరి పైకప్పు ఉంటుంది కనుక స్లాబును దించి పోసి, నీరు దిగకుండా పూత వేసి, రెండు మూడు రోజులు నీళ్ళు నిలబెట్టి చూడడం మొదలైంది. టైల్ కింద ఇసుక సిమెంటు మాలు, సిమెంటు పాలు వాడే పాత పద్ధతి పక్కన, అమెరికాలో 1950లలో హెన్రీ రోత్‌బర్గ్ రూపొందించిన పలుచటి జిగురు పద్ధతి చేరింది. వాలు లెక్క మాత్రం మారలేదు: సుమారు మూడడుగులకు అర అంగుళం. అడుగు పలకలను నాలుగు వైపుల నుంచీ నీరు పోయే జాలీ వైపు వంచడం తేలిక. రెండడుగులు, నాలుగడుగుల పలకలు వచ్చాక అది కుదరక, గోడ వెంట పొడుగాటి జాలీ పెట్టి నేలంతా ఒకే వైపుకు వాలు చేస్తున్నారు.