నొప్పి తెలియని నష్టం: గంటల నగరం ట్రాయ్, కార్మికుల వినికిడి

ఫిలడెల్ఫియాలోని ఇండిపెండెన్స్ హాల్ గోపురంలో ఉన్న పెద్ద గంటను 1876లో, అమెరికా స్వాతంత్ర్య శతజయంతి సందర్భంగా పోతపోశారు. తొలి పదమూడు వలసలకు గుర్తుగా దాని బరువును 13,000 పౌన్లుగా నిర్ణయించారు. సారటోగా, గెటిస్‌బర్గ్ యుద్ధాలలో ఉభయ పక్షాలూ వాడిన ఫిరంగులను కరిగించి ఆ కంచులో కలిపారు. ఈ గంట పుట్టిన ఊరు ట్రాయ్. తెలుగువారికి బాగా పరిచయమైన మిషిగన్ ట్రాయ్ కాదు ఇది. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నదికి తూర్పు ఒడ్డున ఉన్న పాత పారిశ్రామిక నగరం.

మెనీలీ కుటుంబపు గంటల కార్ఖానాలతో పాటు ఇనుప పరిశ్రమ కూడా ఈ ఊరికి పేరు తెచ్చింది. స్కాట్లండు నుండి వచ్చిన హెన్రీ బర్డెన్ ఇక్కడ నిర్మించిన యంత్రం నిమిషానికి అరవై గుర్రపు లాడాలను తయారుచేసేది. అంతర్యుద్ధ కాలంలో ఉత్తరాది సైన్యపు గుర్రాలకు ఆ లాడాలే అందాయి. గంట మీద దాన్ని పోసిన సంస్థ పేరు నిలిచింది. లాడాలకు, బాయిలర్లకు, రేకులకు ఆకృతినిచ్చే సుత్తి దెబ్బల మధ్య జీవితాలు గడిపిన కార్మికుల చెవులు ఏమయ్యాయన్నది మాత్రం ఏ లోహం మీదా చెక్కలేదు.

నిరంతర శబ్దం చెవిని పాడుచేస్తుందన్న ఎరుక అప్పటికే పాతది. వృత్తివ్యాధులపై 1700లో గ్రంథాన్ని వెలువరించి, 1713లో విస్తరించిన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని, వెనిస్ నగరంలో మన కంచరి వీధి వంటి ప్రాంతాన్ని వర్ణించి, అక్కడ రాగిపని వారికి క్రమంగా చెవుడు వస్తుందని రాశాడు. 1886లో గ్లాస్గో వైద్యుడు థామస్ బార్ నూరుమంది బాయిలర్ తయారీ కార్మికులను పరీక్షించాడు. ఆయన సాధనం జేబు గడియారం. దాని టిక్కుటిక్కు ఎంత దూరం నుండి వినిపిస్తుందో కొలిచాడు. ఆ నూరుమందిలో వినికిడి సవ్యంగా ఉన్నవారు ఒక్కరూ దొరకలేదు.

ఇంత తెలిసీ దీన్ని ఎందుకు పట్టించుకోలేదు? సమాధానంలో కొంత భాగం చెవి నిర్మాణంలోనే ఉంది. చెవిపోటు సాధారణంగా బయటి చెవిలోనో మధ్య చెవిలోనో పుడుతుంది: చెవి కాలువ వాపు, గట్టిపడిన గుబిలి, కర్ణభేరి వెనుక చేరిన చీము. ఒక్కోసారి పుచ్చిన పన్ను, గొంతు వ్యాధి కూడా చెవిలో నొప్పిగా తోస్తాయి. నొప్పి రోగిని వైద్యుని దగ్గరకు నడిపిస్తుంది. శబ్దం దెబ్బతీసేది లోపలి చెవిని. కర్ణావర్తంలోని సూక్ష్మమైన రోమ కణాలు నొప్పి లేకుండానే నశిస్తాయి. మానవులలో అవి తిరిగి మొలవవు. హెచ్చు స్థాయి ధ్వనులను గ్రహించే కణాలు ముందుగా పోతాయి కనుక, మాట వినబడుతుంది గానీ అందులోని స, శ, త వంటి హల్లులు అలుక్కుపోతాయి. అందుకే తొలిదశలో రోగి తన చెవిని గాక ఎదుటివారి ఉచ్చారణను తప్పుపడతాడు.

నొప్పి పెట్టే వ్యాధులకు మందులు త్వరగానే వచ్చాయి. ఒకప్పుడు మధ్య చెవి చీము వెనుక ఎముకకు, అక్కడి నుండి మెదడుకు పాకి ప్రాణాలు తీసేది. ఎముకను తొలిచి చీము తీయడమే మార్గం. 1930లలో సల్ఫా మందులు, 1940లలో పెన్సిలిన్ ఆ స్థితిని మార్చాయి. 1948లో, అదే న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా నాయకత్వంలో ఉన్న లెడర్లీ సంస్థ నుండి బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అది మొదటిది.

నొప్పి లేని నష్టానికి మందు లేదు. దాన్ని నష్టంగా గుర్తించడానికే మొదట కొలత, ఆ పైన చట్టం కావలసి వచ్చాయి. 1920లలో ఆడియోమీటర్లు, డెసిబెల్ అన్న ప్రమాణం రావడంతో వినికిడి ఒక అంకెగా మారింది. అయినా పరిహార చట్టం ముందు చిక్కు మిగిలింది: కూలి కోల్పోని కార్మికునికి నష్టం ఎక్కడిది? సగం చెవిటివాడు కూడా సుత్తి ఎత్తగలడు, కూలి తెచ్చుకోగలడు. ఆరియోమైసిన్ వెలువడిన 1948లోనే న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం, స్లావిన్‌స్కి కేసులో, కూలి తగ్గకపోయినా శబ్దం వల్ల పోయిన వినికిడికి పరిహారం చెల్లుతుందని తేల్చింది. వినికిడి అన్నది సంపాదన సాధనం మాత్రమే కాదని, అది మనిషి సొత్తు అని ఆ తీర్పు సారాంశం.

ఆపైన దేశమంతటికీ వర్తించే నిబంధనలు వచ్చాయి. 1970లో వృత్తి భద్రతా చట్టం, 1983లో ఖరారైన సవరణ ప్రకారం ఎనిమిది గంటల సగటున 85 డెసిబెల్‌లు, ఆ పైన శబ్దానికి గురయ్యే వారికి ఏటా వినికిడి పరీక్ష జరిపించడం యజమాని బాధ్యత అయింది. ఆ నాటికి ట్రాయ్‌లో గంటల కార్ఖానాలు మూతపడి మూడు దశాబ్దాలు దాటింది. బార్ జేబు గడియారంతో చేసిన పనినే ఆ నిబంధన ఇంటింటి యంత్రశాలకూ చేర్చింది: కార్మికుడు బాధపడుతూ వచ్చేదాకా ఆగక, ముందే వెళ్ళి అడగడం.