వంత గొంతుల చరిత్ర: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

విశ్వవిద్యాలయ బృందగానం అనగానే చదువుకున్నవాళ్ల కళ్ల ముందు యూరప్ బొమ్మ ఒకటి మెదులుతుంది. ఇరవై ముప్పై మంది విద్యార్థులు, చేతుల్లో స్వరాలు రాసిన కాగితాలు, ఎదురుగా చేతులాడిస్తూ నడిపించే ఒక మనిషి, మైకు అక్కరలేని చిన్న హాలు, పై స్థాయి కింది స్థాయిలుగా విడిపోయి మళ్లీ కలిసే గొంతులు. ఈ పద్ధతిని మన దేశపు పాటల్లోకి తేవడానికి చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ కాయిర్ ద్వారా 1988లో చనిపోయే దాకా పాటుపడ్డాడు. ఆ కృషిని మేము తక్కువ చేయడం లేదు. కానీ తెలుగు నేల మీద విద్యార్థులు గుంపుగా పాడిన పాటకు చరిత్ర రాయాలంటే హాలు దగ్గర మొదలుపెడితే కుదరదు. పాత కరీంనగర్ జిల్లాలోని మాలమాదిగ వాడల దగ్గర మొదలుపెట్టాలి.

తెలిసిన కథ ఇది. 1972లో హైదరాబాదులో జననాట్యమండలి ఏర్పడింది. బి. నర్సింగరావు చుట్టూ చేరిన ఆర్ట్ లవర్స్ మిత్రులు దానికి పునాది. తూప్రాన్ దళిత కుటుంబంలో పుట్టి ఉస్మానియా ఇంజనీరింగ్ చదువు దాకా పోయిన గుమ్మడి విఠల్ అందులో గద్దర్ అయిండు. 1975 ఫిబ్రవరిలో రాడికల్ విద్యార్థి సంఘం మొదటి మహాసభ జరిగింది. నాలుగు నెలలకే ఎమర్జెన్సీ వచ్చి నోళ్లు మూసింది. 1977లో అది పోయినంక, 1978 ఎండకాలం సెలవుల్లో ‘గ్రామాలకు తరలండి’ అన్న పిలుపు మీద విద్యార్థులు జట్లుజట్లుగా పల్లెల బాట పట్టిండ్రు. ఆ ఏడే సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర. వేల మంది రైతు కూలీలు పట్నం వీధుల్లోకి వచ్చిండ్రు. అక్టోబర్‌లో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఈ కథను ఎక్కువ మంది ఒకే తీరుగ చెప్తారు. చదువుకున్న పిల్లలు చైతన్యం మోసుకుపోయిండ్రు, పల్లె అందుకుంది అని. రాజకీయాల సంగతి ఎట్లున్నా, పాట సంగతిలో ఇది తలకిందుల మాట. మైకు లేకుండా, కాగితం లేకుండా, చదువు రాని జనానికి ఒక్క రాత్రిలో పాట నేర్పే పద్ధతి ఏ యూనివర్సిటీలోనూ లేదు. అది పల్లెలో ఉంది. దాని పేరు వంత.

వంత పని ఏమిటో కొంచెం వివరంగా చూడాలి. ముందు గొంతు ఒక చరణం విసురుతుంది. వెనుక గొంతులు దాని చివరి భాగాన్ని అందుకొని పల్లవికి తిప్పుతాయి. రెండోసారికి కూసున్నోళ్ల పెదాలు కదులుతాయి, మూడోసారికి వినేటోళ్లే వంతగాళ్లయితరు. పుస్తకం చేసే పని ఇక్కడ తిరిగి చెప్పడం చేస్తుంది. బురక్రథలో తంబుర పట్టిన కథకునికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. కథను ఆపి ప్రశ్న వేసే హక్కు వాళ్లది. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లలో ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు పలుకుతరు. మాదిగలకు జాంబపురాణం ఆడి చెప్పే చిందు మేళంలోనూ వెనుక నిలబడి పలికే గొంతులు లేకుంటే ఆట నడవదు. ఆ మేళం నుంచే చిందు ఎల్లమ్మ వంటి మహా కళాకారిణి వచ్చింది. ఇన్ని కళల్లో ఇంత పని చేసే వంతను మన భాష ఏం చేసింది? ‘వంత పాడటం’ అంటే పెద్దోడు అన్నదానికల్లా తలూపడం అని అర్థం కట్టింది. వంత పాడినోళ్లు కట్టిన అర్థం కాదిది, పాడించుకున్నోళ్లు కట్టింది.

సిరిసిల్ల వైపు ఒక ఊరు ఈ విషయంలో మంచి పాఠం. వేములవాడ దగ్గరి హనుమాజీపేట. సి. నారాయణరెడ్డి ఆ ఊర్లో పుట్టి, ఉస్మానియాలో తెలుగు ఆచార్యుడై, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్నాడు. ఒగ్గుకథ మహా కళాకారుడు మిద్దె రాములు కూడా ఆ ఊరివాడే. ఒగ్గు గొల్లకుర్మల విద్య, దళితులది కాదు. అయినా ఒకే ఊర్లో రెండు బళ్లు నడిచినయని, అందులో ఒక్కదానికే ‘విద్య’ అన్న పేరు దక్కిందని చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు.

విద్యార్థి జట్లు రెండో బడిలో చేరినయి. జననాట్యమండలి పాటల బలమంతా అక్కడిదే. జనం ఎరిగిన బాణీ, జనం ఎరిగిన పల్లవి తీరు, గొంగడి, గజ్జెలు, డప్పు. మాట మాత్రమే కొత్తది. నిజానికి ఇదీ కొత్త కాదు. భాగ్యరెడ్డివర్మ 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టి, మాలమాదిగల్లోకి హరికథ ద్వారా పోయాడు. ఉపన్యాసానికి ముందు పాట ఉండాలనే తెలివి దళిత ఉద్యమంలో విప్లవోద్యమం కన్న దాదాపు డెబ్బై ఏండ్ల ముందే ఉంది. కళారంగ చరిత్రలు రాసేటోళ్లు ఈ లంకెను ఎందుకు వదిలేస్తారో మాకు అర్థం కాదు, లేదా బాగానే అర్థమైతది.

డప్పు సంగతి వేరుగా చెప్పాలి. కట్టె చట్రానికి తోలు బిగిస్తరు. వాయించే ముందు మంట మీద కాగబెడితేనే మోగుతది. కుడి చేతిలో చిర్ర, ఎడమ చేతిలో సిటికెన పుల్ల. దొర ఇంట పెండ్లికీ, ఊర్లో చావుకూ, సర్కారు చాటింపుకూ మాదిగ ఈ డప్పు కొట్టాలె. అది వెట్టి. 1978లో అదే డప్పు సంఘం మీటింగుకు మోగింది. దొరను సాంఘికంగా బహిష్కరించి, చాకలి మంగలి పనులు బందు పెట్టిన ఊర్లలో ఆ మోతకు వేరే అర్థం వచ్చింది. వెట్టి కింద కొట్టిన చెయ్యే దొర మీద కొట్టింది. అగ్రకుల విద్యార్థి డప్పును చంకకు తగిలించుకోవడం కూడా చిన్న సంగతి కాదు, తోలును ముట్టడమే మైల అనే ఇండ్ల నుంచి వచ్చినోళ్లు వాళ్లు.

కల్లోలిత ప్రాంతాల చట్టం ఈ పాటను ఎట్ల చూసిందో గమనించాలి. 1948 నాటి ఆ చట్టం కింద, ఐదుగురు లేక అంతకు మించి గుమిగూడొద్దని ఆజ్ఞ ఉన్నచోట దాన్ని మీరినవారి మీద సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి పోలీసు కూడా కాల్పులు జరపవచ్చు, ప్రాణం పోయినా సరే. ఒక్కడు పాడితే పాట. ఐదుగురు అందుకుంటే నేరం. కోరస్‌ను నేరం చేసిన చట్టం ఇది. యూరప్‌లో చిన్న బృందగానాన్ని మనుషుల లెక్కతో గుర్తుపడతారు. ఇక్కడ ఆ లెక్క పోలీసు పెట్టిండు. 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో ‘ఆట, మాట, పాట బంద్’ అన్నది నానుడే అయింది. గద్దర్ అజ్ఞాతంలోకి పోయి, 1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో మళ్లీ జనం ముందు నిలబడ్డాడు.

అయితే కోరస్ లోపల కులం ఏమైంది? ఈ ప్రశ్నను ఆ రోజుల్లో కూలి, భూమి, వెట్టి అనే మాటల కింద దాచిపెట్టిండ్రు. కూలి ఎవడు, వెట్టి ఎవడు అంటే మాల, మాదిగ అనే జవాబు పాటలో సూటిగా రాలేదు. 1985 జూలై 17న కారంచేడు జరిగినంకనే ఆ మాటను దాటేయడం కుదరలేదు. గద్దర్ దాని మీద పాట కట్టిండు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోర ఇంకో అడుగు ముందుకేసి డప్పునే తన పేరు చేసుకుంది. అప్పటిదాకా ‘ప్రజా వాయిద్యం’ అన్న డప్పు ‘మా వాయిద్యం’ అయింది. ఇది సంకుచితం అన్నవాళ్లున్నరు. వెట్టి కొట్టిననాడు అది అందరిదని ఎవరూ అనలేదు కదా!

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఈ వంతను తెలంగాణ ఉద్యమానికి తెచ్చింది. రాష్ట్రం వచ్చినంక తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు నౌకర్లు దొరికినయి. నెల జీతం మంచిదే, ఆకలి మీద కళను నిలబెట్టమని ఎవరికీ చెప్పలేం. కానీ జీతమిచ్చే సర్కారు పథకాన్ని పాడాల్సి వచ్చినప్పుడు వంతకు పాత తిట్టు అర్థం మళ్లీ తగులుకుంటది. బురక్రథ వంతకున్న ప్రశ్న వేసే హక్కు ఉద్యోగపు కాగితంలో ఉండదు.

2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయినయి. కోరుట్ల జగిత్యాలలోకి పోయింది. ఇప్పుడు జిల్లాల చరిత్రలు కొత్తగా రాస్తున్నరు. 1978లో ఇరవై ఏండ్లున్న వంతగాళ్లు డెబ్బయికి దగ్గరపడ్డరు. ఈ మూడు పట్నాల చుట్టూ పనిచేసే టీచర్లు, విద్యార్థులు ముందు పాడినోళ్ల పేర్లు రాసుకున్నాక ఆగిపోకుండా, వెనుక ఎవరు అందుకున్నరు, డప్పు ఎవరిది, కాగబెట్టింది ఎవరు, ఆ బాణీ ఏ ఇంటిది అని కూడా అడిగి రాసుకోవాలని కోరుతున్నాం.