ధాత కరువునాటి దినబత్తెము

1876లో నైరృతి పవనములు ముఖము చాటువేయుటయు, ఈశాన్యపు వానలనైన నమ్ముకొన్న రైతులకు ఆ యాశయు అడుగంటుటయు జరిగి, బళ్లారి, కర్నూలు, కడప మండలములలో ధాత కరువని తరతరములు చెప్పుకొన్న మహాక్షామము ప్రారంభమయ్యెను. కరువులు మన దేశమునకు క్రొత్తవి కావు. 1832–33లో నందన కరువు గుంటూరుసీమను పాడుపెట్టియే యుండెను. అయినను ఆకలిగొన్నవానికి దినమునకు ఇంత యని లెక్కగట్టి దొరతనమువారు చెల్లించు పద్ధతిని గూర్చి తీవ్రమైన వాదము నడచినది ధాత కరువునందే.

1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ప్రభువు పంపున సర్ రిచర్డ్ టెంపుల్ మదరాసు రాజధానికి వచ్చెను. ఈయన అంతకు మూడేండ్లకు పూర్వము బీహారు కరువులో బర్మానుండి బియ్యము తెప్పించి అసంఖ్యాకులను కాపాడి, అందుకు మెప్పునకు మాఱుగా దుబారా చేసెనను నింద మోసినవాడు. ఆ నిందయే ఈసారి ఆయన చేతిని బిగించెనని నా తలంపు. కరువుపనిలో మట్టి మోయు పురుషునకు అంతవరకు ఒకటిన్నర పౌను ధాన్యపు వెలయు, దానిపై అర్ధణాయు ముట్టుచుండగా, ఆయన ధాన్యమును ఒక్క పౌనునకు దించెను. నిజముగా గతిలేనివాడే యింత స్వల్పమైన కూలికి వచ్చునని ఆనాటి పాలకుల సిద్ధాంతము. అనగా దారిద్ర్యమునకు సాక్ష్యము పలుకవలసినది దరిద్రుని శరీరమే. ఇంతకంటె నిర్దయమైన విచారణ మఱియొకటి యుండునా!

రాజధాని ఆరోగ్యశాఖ కమీషనరగు డాక్టరు కార్నిష్ దీనిని సహింపలేక, ఎండలో గునపము పట్టు మనుష్యుని ఆ తిండి నిలుపజాలదని పట్టుదలతో వాదించెను. కొన్ని నెలలకు మదరాసు ప్రభుత్వము కూలిని మరల హెచ్చించినది గాని, ఈలోపున ఎముకలగూడులైనవారికి ఆ హెచ్చింపు వలన ఫలమేమి? 1881 జనాభా లెక్కలనాటికి కర్నూలు మండలము తన ప్రజలలో సుమారు నాలుగవవంతును కోల్పోయి యుండెను.

పనిచేయజాలని వృద్ధులకును, రోగులకును, అంగవైకల్యము గలవారికిని వారి గ్రామమునందే రెడ్డి, కరణముల మూలమున రొక్కము నిచ్చు ఏర్పాటు 1877లోనే విస్తరించెను. గ్రామాధికారులు దొంగపేర్లు వ్రాసి సొమ్ము హరింతురని దీనిపై గట్టి ఆక్షేపణ గలదు. అది నిరాధారమనియు చెప్పలేము. అయినను, ఊరు విడిచి శిబిరమునకు నడచుటయే మరణమైనవారికి ఇంటివాకిటికి చేరిన ఆ కొలది డబ్బులు ప్రాణములు నిలిపినవి. కరువు చరిత్రలో నన్ను మిక్కిలి ఆకర్షించినది ఈ యంశమే: ఇచ్చువాడు పుచ్చుకొనువానిని పరీక్షింపక, వాని పొరుగువారి మాటపై విశ్వసించుట.

ఆ యేడే మదరాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు చేసిన విజ్ఞప్తిపై లండను నగరమునందు చందాలు ప్రోగుచేసిరి. ఆ ధనములో చాలభాగము ఆకలి తీర్చుటకుగాక, వానలు పడిన పిమ్మట రైతులు విత్తనములును ఎద్దులును కొనుటకును, కూలిన యిండ్లు కప్పుకొనుటకును వినియోగమయ్యెను. ఈ దూరదృష్టి మిక్కిలి ప్రశంసనీయము. కరువు వెళ్లిపోయినను, కాడి కట్టలేని రైతునకు అది వెళ్లినట్లు కాదు గదా.

స్ట్రాచీ అధ్యక్షుడుగా నున్న క్షామసంఘము 1880లో నివేదిక సమర్పించెను. దాని ననుసరించి 1883లో క్షామ నియమావళి వెలువడినది. శక్తిగలవారికి పనియు, శక్తిలేనివారికి గ్రామములందే ధర్మబత్తెమును అందు నిర్ణయింపబడినవి. బత్తెమునకు అర్హులగువారి పేర్లు గ్రామమున వ్రాయవలెను. తనిఖీదారు వచ్చి ఆ పట్టికను సరిచూడవలెను. పనికి వచ్చిన తల్లి వెంట నుండు బిడ్డకును ప్రత్యేకముగా బత్తెము లెక్కింపవలసి యుండెను.